కలుపు మందులోని ఎమీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

వరి, మొక్కజొన్న, చెరకు పొలాల్లో వెడల్పాకు కలుపు నివారణకు సిఫారసు చేసే 2,4-డి మూడు రూపాల్లో లభిస్తుంది: సోడియం లవణం, ఇథైల్ ఎస్టర్, డైమిథైల్ ఎమీన్ లవణం. చివరిదానిని రైతులూ డీలర్లూ 'అమైన్ సాల్ట్' అనే పిలుస్తారు. ఎస్టర్ రూపం ఆవిరై గాలివాటున పక్క చేనుకు చేరి పత్తి ఆకులను బెండ ఆకుల్లా చీల్చివేస్తుందనీ, ఎమీన్ లవణానికి ఆ బాష్పశీలత చాలా తక్కువనీ సేద్య విభాగపు విద్యార్థి ఎవరైనా పరీక్షలో తడుముకోకుండా రాస్తాడు. ఆ లవణం బరువులో ఆరో వంతు ఉండే ఎమీన్ ఏ ముడిసరుకు నుంచి, ఏ ఉత్ప్రేరకం మీద, ఏ వ్యర్థాన్ని మిగిల్చి తయారైందని అడిగితే మాత్రం సమాధానం రాదు. అది రసాయన శాస్త్రవేత్తలు చూసుకోవలసిన సంగతి అని వ్యవసాయ శాఖల వారు చాలాకాలం క్రితమే తేల్చుకున్నారు. ఆ తీర్మానాన్ని ఇప్పుడు తిరిగి పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది. మొక్కజొన్న, నూకలు, చెరకు ఇథనాల్ కర్మాగారాలకు తరలుతున్నాయి. ఆ ఇథనాల్‌తో 'హరిత' వ్యవసాయ రసాయనాలు తయారవుతాయన్న మాట సదస్సుల్లో వినిపిస్తోంది. ఆ మాటలో ఎంత నిజం, ఎంత ప్రచారం అన్నది రైతుకు చెప్పవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తల మీదనే పడుతుంది.

అమోనియాలోని ఒకటి లేదా అంతకంటే ఎక్కువ హైడ్రోజన్ల స్థానంలో కర్బన సమూహాలు చేరితే ఏర్పడేది ఎమీన్. పొలంలో వాడే మందుల్లో దీని పాత్ర పైకి కనిపించేదానికంటే పెద్దది. గ్లైఫోసేట్ 41 శాతం ద్రావణంలో ఉన్నది ఐసోప్రొపైల్ ఎమీన్ లవణం. ఆ లవణం బరువులో నాలుగో వంతు ఎమీన్‌దే. అట్రాజిన్ అణువులో ఒక పక్క ఇథైల్ ఎమీన్, మరో పక్క ఐసోప్రొపైల్ ఎమీన్ అమరి ఉంటాయి. మాంకోజెబ్‌కు మూలం ఎథిలీన్ డైఎమీన్. థైరామ్, జైరామ్‌లకు డైమిథైల్ ఎమీన్, పెండిమిథాలిన్‌కు పెంటైల్ ఎమీన్ జాతికి చెందిన ఒక ఎమీన్ కావాలి. అధిక సాంద్రత పత్తి సాగులో మొక్క ఎత్తును అదుపు చేయడానికి వాడే మెపిక్వాట్ క్లోరైడ్, కోళ్ల దాణాలో కలిపే కోలిన్ క్లోరైడ్ కూడా ఎమీన్ల సంతతే.

వీటిని తయారుచేయడానికి పాత మార్గం ఆల్కైల్ క్లోరైడ్‌ను అమోనియాతో చర్య జరిపించడం. చర్య సులభమే, కాని ప్రతి అణువుకూ ఒక క్లోరిన్ మిగులుతుంది. దానిని కాస్టిక్ సోడాతో తటస్థపరిస్తే ఉప్పు వస్తుంది. సమీకరణం ప్రకారం లెక్కిస్తే 45 కిలోల ఇథైల్ ఎమీన్‌కు 58.5 కిలోల ఉప్పు. రెండో మార్గంలో ఆల్కహాలునే నేరుగా అమోనియాతో కలుపుతారు. 46 కిలోల ఇథనాల్, 17 కిలోల అమోనియా కలిసి 45 కిలోల ఇథైల్ ఎమీన్, 18 కిలోల నీరు ఇస్తాయి. సమీకరణంలో మిగిలే వ్యర్థం నీరు ఒక్కటే.

అయితే ఆల్కహాలు అంత తేలికగా లొంగదు. దానిలోని హైడ్రాక్సిల్ సమూహం అమోనియాకు చోటు వదలదు. ఇక్కడే లోహం అవసరం ఏర్పడుతుంది. నికెల్, కోబాల్ట్, రాగి వంటి లోహాల సూక్ష్మ కణాల ఉపరితలం మీద ఆల్కహాలు తన హైడ్రోజన్‌ను లోహానికి అప్పగించి ఆల్డిహైడ్‌గా మారుతుంది. ఆల్డిహైడ్ అమోనియాతో వెంటనే కలిసి, నీటిని వదిలి, ఇమీన్ అవుతుంది. లోహం తాను పట్టి ఉంచిన హైడ్రోజన్‌ను ఇమీన్‌కు తిరిగి ఇచ్చేస్తే ఎమీన్ తయారవుతుంది. తెలుగు పల్లెల్లో దీనికి సరైన మాట ఉంది: చేబదులు. వడ్డీ లేదు, పత్రం లేదు, తీసుకున్నంత తిరిగి ఇవ్వడమే. రసాయన సాహిత్యంలో కూడా ఈ విధానాన్ని హైడ్రోజన్ అరువు పద్ధతి అనే అర్థంలోనే వ్యవహరిస్తారు.

లెక్క ప్రకారం బయటి నుంచి హైడ్రోజన్ అక్కరలేదు. అయినా కర్మాగారాల్లో హైడ్రోజన్‌ను కూడా పంపుతారు. అది లేకపోతే ఇమీన్ మరింత హైడ్రోజన్‌ను కోల్పోయి నైట్రైల్‌గా మారిపోతుంది. లోహం మీద బొగ్గు పేరుకుంటుంది. లోహం అమోనియాతో కలిసి నైట్రైడ్‌గా మారి పని మానేస్తుంది. చేబదులు వ్యవహారం సాఫీగా సాగాలంటే చేతిలో కొంత నగదు ఉండాలన్నమాట.

అసలు చిక్కు మరొకటి. తయారైన ఇథైల్ ఎమీన్ ఊరికే కూర్చోదు. అది అమోనియా కంటే చురుకైనది కనుక మరో ఆల్డిహైడ్‌తో కలిసి డైఇథైల్ ఎమీన్‌గా, అదీ మరొకదానితో కలిసి ట్రైఇథైల్ ఎమీన్‌గా మారుతుంది. కావలసింది మొదటిది మాత్రమే అయితే అమోనియాను అవసరానికి మించి ఎన్నో రెట్లు పంపాలి. మిగిలినదానిని వేరుచేసి మళ్లీ వాడుకోవాలి. మూడు ఎమీన్లనూ స్వేదనంతో విడదీయాలి. ఈ వేరుచేతకు అయ్యే ఆవిరి, విద్యుత్తు ఖర్చులు 'వ్యర్థం నీరు ఒక్కటే' అన్న వాక్యంలో కనిపించవు. వరణాత్మకత కోసం సాగే పరిశోధన అంతా ఈ ఖర్చు తగ్గించడానికే.

ఈ విద్య కొత్తది కాదు. సూక్ష్మ లోహ చూర్ణాలతో హైడ్రోజనీకరణ సాధించినందుకు ఫ్రాన్సుకు చెందిన పాల్ సబాతియేకు 1912లో నోబెల్ బహుమతి లభించింది. 1920లలో అమెరికాలో ముర్రే రానే నికెల్-అల్యూమినియం మిశ్రమలోహంలోని అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాతో కరిగించి, స్పాంజి వంటి నికెల్‌ను తయారుచేశాడు. ఆయన ఉద్దేశం ఎమీన్లు కాదు, పత్తి గింజల నూనెను గట్టిపరచడం. వనస్పతి చరిత్ర తెలిసినవారికి ఈ నికెల్ కొత్తది కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వినాన్స్, ఆడ్కిన్స్ నికెల్ సమక్షంలో ఆల్కహాళ్లతో ఎమీన్లకు ఆల్కైల్ సమూహాలను చేర్చవచ్చని 1932లోనే ప్రకటించారు. చిక్కుడు జాతికి చెందిన ఖడ్గ చిక్కుడులోని యూరియేజ్ ఎంజైములో నికెల్ ఉన్నదని 1975లో వెల్లడి కావడం ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. నేలలో యూరియాను విడగొట్టి అమోనియాను విడుదల చేసే ఎంజైములోనూ, అమోనియాను ఆల్కహాలుకు తగిలించే కర్మాగారంలోనూ ఉన్నది అదే మూలకం. పనిచేసే తీరు వేరు, అది వేరే విషయం.

ఇక్కడ ఒక స్పష్టత అవసరం. మిథనాల్ నుంచి మిథైల్ ఎమీన్లు తయారుచేయడానికి లోహం అక్కరలేదు; సిలికా-అల్యూమినా వంటి ఆమ్ల గుణం గల ఘన ఉత్ప్రేరకాలు సరిపోతాయి. కాబట్టి 2,4-డి ఎమీన్ లవణం వెనుక నికెల్ కథ లేదు. ఇథైల్, ఐసోప్రొపైల్ ఎమీన్ల వెనుక ఉంది. ఈ తేడా తెలియకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టే వ్యాసాలు పత్రికల్లో తరచుగా కనిపిస్తాయి.

తయారీ మార్గం వ్యవసాయానికి ఎందుకు ముఖ్యమో చూపడానికి మాంకోజెబ్‌ను మించిన ఉదాహరణ లేదు. మిరప, టమాటా, ద్రాక్ష, బంగాళాదుంప తోటల్లో ఇది అతి సాధారణ తెగులు మందు. దీనికి కావలసిన ఎథిలీన్ డైఎమీన్‌కు రెండు పారిశ్రామిక మార్గాలున్నాయి. మొదటిది ఎథిలీన్ డైక్లోరైడ్‌ను అమోనియాతో చర్య జరిపించేది. రెండోది మోనోఇథనోల్ ఎమీన్‌ను నికెల్ వంటి ఘన లోహ ఉత్ప్రేరకం మీద, హైడ్రోజన్ సమక్షంలో అమోనియాతో కలిపేది. మోనోఇథనోల్ ఎమీన్ ఒక కొసన ఎమీన్, మరో కొసన ఆల్కహాలు. ఆల్కహాలు కొస ఎమీన్‌గా మారితే పని పూర్తవుతుంది. పిపెరజీన్ కూడా కొంత వస్తుంది. కోళ్లలో ఏలిక పాములకు ఇచ్చే మందు అదే కనుక దానికీ బేరం ఉంది.

క్లోరైడ్ మార్గంలో ప్రతి 60 కిలోల ఎథిలీన్ డైఎమీన్‌కు 117 కిలోల ఉప్పు మిగులుతుంది. ఇది ప్రయోగశాలలో కొలిచిన అంకె కాదు, సమీకరణం చెప్పే కనీస పరిమాణం. మాంకోజెబ్ క్రియాశీల పదార్థం కిలోకు సుమారు 220 గ్రాముల ఎథిలీన్ డైఎమీన్ కావాలి. డీలరు దగ్గర దొరికే 75 శాతం పొడి కిలో ప్యాకెట్టుకు ఆ లెక్కన 165 గ్రాములు. దాని వెనుక ఎక్కడో ఒకచోట 320 గ్రాములకు పైగా ఉప్పు. ఈ ఉప్పును 170 లీటర్ల మంచినీటిలో కరిగిస్తే ఆ నీటి విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసిసీమెన్ల దరిదాపుకు చేరుతుంది. అంతకు మించిన నీటిని సాగుకు వాడడంపై తీవ్రమైన పరిమితులు ఉండాలని ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఒక ప్యాకెట్టు కొన్న రైతు తన పొలంలో ఆ ఉప్పును చూడడు. కర్మాగారానికి దిగువన ఉన్న రైతు చూసే ప్రమాదం ఉంది, శుద్ధి సరిగా జరగకపోతే. చౌడు నేలల గురించి జీవితమంతా బోధించే శాస్త్రవేత్తలకు ఈ లెక్క పరాయిది ఎలా అవుతుంది?

కలుపు మందుల వైపు నుంచి మరో ఉదాహరణ ఉంది. మెటొలాక్లోర్ తయారీలోనూ కీలకమైన అడుగు ఇమీన్‌కు హైడ్రోజన్ చేర్చడమే. మొదట దీనిని బొగ్గు మీద పరచిన ప్లాటినం అనే ఘన ఉత్ప్రేరకంతో చేసేవారు. ఆ పద్ధతిలో కుడి, ఎడమ రూపాలు సమానంగా తయారయ్యేవి. కలుపును చంపే శక్తి దాదాపు అంతా ఎస్ రూపాలలోనే ఉన్నదని 1982లో తేలింది. ఆ రూపాన్ని మాత్రమే అధికంగా ఇచ్చే ఇరిడియం సంక్లిష్ట ఉత్ప్రేరకంతో స్విట్జర్లాండ్‌లో 1996లో ఉత్పత్తి ప్రారంభమైంది. అదే ఫలితాన్ని మూడో వంతు తక్కువ మోతాదుతో సాధించగలిగారు. హెక్టారుకు పడే మందులో మూడో వంతు తగ్గించడానికి సేద్య శాస్త్రవేత్తలు పిచికారీ పరికరాలు, సమయపాలన, సమగ్ర యాజమాన్యం అంటూ ఎన్ని సంవత్సరాలు శ్రమిస్తారో తెలిసినవారికి ఈ అంకె విలువ తెలుస్తుంది. ఇక్కడ ఘన లోహం కంటే ద్రావణంలో కరిగే ఉత్ప్రేరకమే మెరుగైన ఫలితం ఇచ్చిందన్నదీ గమనించదగినది. ఘన ఉత్ప్రేరకమే ఎప్పుడూ ఉత్తమమన్న వాదన నిలవదు. అయితే కరిగిన ఇరిడియాన్ని ఉత్పత్తి నుంచి వేరుచేయడం కష్టం. ఘన లోహం మాత్రం గొట్టంలోనే ఉండిపోతుంది, ద్రవం దాని మీదుగా సాగిపోతుంది. పెద్ద ఎత్తున చౌకగా తయారుచేయవలసిన ఇథైల్ ఎమీన్ వంటివాటికి అందుకే నికెల్, కోబాల్ట్‌లు నిలిచి ఉన్నాయి.

ఇక ఇథనాల్ సంగతి. భారతదేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2025లో నెరవేరింది. అందుకోసం పెరిగిన కర్మాగారాలకు ఇప్పుడు మొక్కజొన్న ప్రధాన ముడిసరుకుల్లో ఒకటి. ఇథైల్ ఎమీన్లను ఇథనాల్ నుంచి తయారుచేసే పరిశ్రమ దేశంలో ముందునుంచే ఉంది. మహారాష్ట్రలోని ఆల్కైల్ అమైన్స్, షోలాపూర్ కేంద్రంగా ఎదిగిన బాలాజీ అమైన్స్ ఈ రంగంలో పేరున్నవి. కాబట్టి 'మొక్కజొన్న నుంచి ఇథనాల్, ఇథనాల్ నుంచి ఇథైల్ ఎమీన్, దాని నుంచి అట్రాజిన్, అట్రాజిన్ మళ్లీ మొక్కజొన్నకే' అన్న వలయం ఊహ కాదు. విద్యార్థులకు చెప్పడానికి చక్కని వలయం. కాని దాని పరిమాణం ఎంతో ఎవరూ లెక్కించి చెప్పరు.

హెక్టారుకు కిలో అట్రాజిన్ క్రియాశీల పదార్థం వాడారనుకుంటే, అందులో ఇథైల్ ఎమీన్ వాటా 209 గ్రాములు. దానికి కావలసిన ఇథనాల్ సుమారు 270 మిల్లీలీటర్లు. టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుందనుకుంటే, ఈ 270 మిల్లీలీటర్లకు 700 గ్రాముల గింజలు చాలు. పది లక్షల హెక్టార్లకు లెక్కించినా 710 టన్నుల చిల్లర. రోజుకు 2 లక్షల లీటర్లు తీసే ఒకే ఒక్క ఇథనాల్ కర్మాగారం ఒకటిన్నర రోజుల్లోపే అంత మొక్కజొన్నను మింగేస్తుంది. ఇథైల్ ఎమీన్లకు ఔషధ, రబ్బరు రంగాల్లో వేరే వినియోగం ఉన్నదన్న మాట నిజమే. అయినా ఎమీన్ల పరిశ్రమ మొక్కజొన్న ధరను నిలబెడుతుందని రైతు సదస్సులో చెప్పడం అంకెలకు అన్యాయం చేయడమే అవుతుంది. ఎమీన్ల ప్రయోజనం పరిమాణంలో లేదు, విలువలో ఉంది. ఆ విలువ కర్మాగారం గేటు లోపల పుడుతుంది; గేటు బయట ఉన్న రైతుకు అందులో వాటా ఎలా వస్తుందన్నది రసాయన శాస్త్రం తేల్చే విషయం కాదు.

'జీవ మూలం' అన్న విశేషణం కూడా సగమే నిజం. టన్ను మొక్కజొన్న నుంచి వచ్చే 300 కిలోల ఇథనాల్ మొత్తాన్నీ ఇథైల్ ఎమీన్‌గా మార్చాలంటే 111 కిలోల అమోనియా కావాలి. టన్ను యూరియాకు సుమారు 570 కిలోల అమోనియా ఖర్చవుతుంది కనుక, ఈ 111 కిలోలు 45 కిలోల యూరియా బస్తాలు నాలుగింటికి పైగా సమానం. ఆ అమోనియా ప్రధానంగా సహజవాయువు నుంచే వస్తోంది. ఆ మొక్కజొన్న పండించడానికి వేసిన యూరియా దీనికి అదనం. ఎమీన్‌లోని కర్బనం చేనులో పుట్టవచ్చు. నత్రజని మాత్రం గ్యాసు బావి నుంచి, హేబర్-బాష్ ఇనుప ఉత్ప్రేరకం మీదుగా వస్తుంది. అట్రాజిన్‌లోని ఐసోప్రొపైల్ ఎమీన్‌కైతే కర్బనం కూడా ప్రధానంగా పెట్రో రసాయనాలదే.

తయారీ మార్గం మారితే పొలంలో ఏమి మారుతుంది? ఈ ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త నిజాయతీగా ఇవ్వవలసిన సమాధానం: దాదాపు ఏమీ మారదు. మొలాసిస్ ఇథనాల్ నుంచి వచ్చిన అట్రాజిన్ కూడా నేలలో అదే కాలం నిలుస్తుంది, తరువాతి పంటకు అదే ముప్పు తెస్తుంది. గ్లైఫోసేట్ లవణంలోని ఎమీన్ ఎక్కడిదైనా బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం దానిని అలాగే పట్టుకుని పనిచేయనివ్వవు. అమ్మోనియం సల్ఫేట్ అలాగే కలపాలి. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని తెగుళ్ల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. ఆ ఉత్తర్వులో ఎమీన్ పుట్టుపూర్వోత్తరాల ప్రసక్తి లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

ఒక్క మినహాయింపు ఉంది, అది స్వచ్ఛత. డైమిథైల్ ఎమీన్ వంటి ద్వితీయ ఎమీన్లు నైట్రైట్‌తో కలిస్తే నైట్రోసమీన్లు ఏర్పడతాయి. వీటిలో చాలా వాటికి జంతువులలో క్యాన్సర్ కలిగించే గుణం ఉన్నది. 1970లలో ట్రైఫ్లురాలిన్‌లో డైప్రొపైల్ నైట్రోసమీన్ మాలిన్యం బయటపడిన తరువాత ఆ మందు తయారీ పద్ధతినే సరిదిద్దవలసి వచ్చింది. తుప్పు పట్టకుండా నైట్రైట్ చేర్చిన లోహపు డబ్బాలలో ఎమీన్ లవణాలను నిలవ చేయడం కూడా ఇదే సమస్యను తెచ్చింది. అవశేషాల ప్రయోగశాలలు ప్రధాన అణువునే కొలిచి ఊరుకోకుండా ఇటువంటి మాలిన్యాల మీద కూడా దృష్టి పెట్టడం అవసరం.

శుభ్రమైన చర్యను చూసి మొత్తం పరిశ్రమ శుభ్రమైనదని భ్రమపడకూడదని భోపాల్ చెబుతుంది. కార్బరిల్ తయారీకి మిథైల్ ఎమీన్ అవసరం. మిథనాల్, అమోనియాల నుంచి అది పుట్టే చర్యలో మిగిలేది నీరే. దానిని ఫాస్జీన్‌తో కలిపి మిథైల్ ఐసోసయనేట్‌గా మార్చి, ట్యాంకుల్లో నిలవ చేయడంలో పుట్టింది 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి జరిగిన ఘోరం. ఎమీన్ దగ్గర ఆగిపోయే లెక్క ఎంత అసంపూర్ణమో ఇంతకంటే చెప్పనక్కరలేదు. నికెల్ విషయమూ అంతే. స్పాంజి నికెల్ పొడిబారితే గాలి సోకిన వెంటనే అంటుకుంటుంది కనుక నీటిలోనే ఉంచుతారు. ముడిసరుకులోని కొద్దిపాటి గంధకం కూడా దానిని నిర్వీర్యం చేస్తుంది. పనికిరాకుండా పోయిన ఉత్ప్రేరకం ప్రమాదకర వ్యర్థం. దానిలోని లోహాన్ని తిరిగి రాబట్టారా, గుంతలో పూడ్చారా అన్నది చుట్టుపక్కల నేలలను పరీక్షించే శాస్త్రవేత్త అడగవలసిన ప్రశ్న.

పరిశోధన ఆశాజనకంగానే ఉంది. 2008లో ఇజ్రాయెల్‌లో మిల్‌స్టీన్ బృందం రుథీనియం సంక్లిష్టంతో ఆల్కహాలు, అమోనియాల నుంచి ప్రాథమిక ఎమీన్‌నే అధికంగా రాబట్టింది. 2017లో జర్మనీలోని రోస్టాక్‌లో జగదీశ్, బెల్లర్ బృందం చౌకైన కోబాల్ట్ నానో కణాలతో ఆల్డిహైడ్లు, కీటోన్ల నుంచి వందకు పైగా ఎమీన్లను తయారుచేసి చూపింది. కాని ఇటువంటి పత్రాలను చదివేటప్పుడు సేద్య శాస్త్రవేత్తకు అలవాటైన సందేహం ఇక్కడా పనికివస్తుంది. కుండీలో వచ్చిన దిగుబడిని ఎకరానికి గుణించి చెప్పేవారిని ఈ శాఖ ఎన్నడూ నమ్మలేదు. గాజు పాత్రలో కొన్ని గ్రాముల మీద వచ్చిన 95 శాతం ఫలితం, అదే ఉత్ప్రేరకం వేల గంటలు ఆగకుండా పనిచేస్తుందన్న హామీ కాదు.

2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారం వద్దంటూ గ్రామస్థులు రహదారి మీద బైఠాయించారు. అటువంటి గ్రామాల్లో మొదట ఎదురయ్యే ప్రభుత్వ శాస్త్రవేత్త కృషి విజ్ఞాన కేంద్రం వారే. కర్మాగారంలోకి ఏమి వెళ్తుంది, ఏమి బయటికి వస్తుంది, ఇథనాల్ తరువాత ఎమీన్ యూనిట్ కూడా వస్తే అమోనియా నిలవ ఎంత, వేడి నీరు ఎటు పోతుంది అని వారు అడుగుతారు. 'అది మా శాఖ కాదు' అన్న సమాధానం అక్కడ చెల్లదు.

పాఠ్యప్రణాళికలో కొత్త కోర్సు చేర్చనవసరం లేదు. ఉన్నవాటి భారమే ఎక్కువ. కలుపు యాజమాన్యం ప్రయోగ తరగతుల్లో మందు మోతాదు లెక్కకట్టే అభ్యాసం ఎలాగూ ఉంది. దానికి మరో రెండు గంటలు జతచేస్తే చాలు. లేబుల్ మీది క్రియాశీల పదార్థం నుంచి మొదలుపెట్టి, అందులో ఎమీన్ ఎంత, అది ఏ ఆల్కహాలు లేదా ఏ క్లోరైడ్ నుంచి వచ్చి ఉండవచ్చు, హెక్టారుకు ఎంత ఉప్పు, ఎంత అమోనియా, ఎన్ని గ్రాముల ధాన్యం అన్నది విద్యార్థి కాగితం మీద వేసి చూపాలి. అణుభారాల పట్టిక, ఒక క్యాలిక్యులేటర్ తప్ప వేరే పరికరం అక్కరలేదు. మొదటి అభ్యాసానికి అట్రాజిన్ 50 శాతం పొడి, రెండోదానికి మాంకోజెబ్ 75 శాతం పొడి సరిపోతాయి. గ్లైఫోసేట్‌కు 41 శాతం ఐసోప్రొపైల్ ఎమీన్ లవణాన్నీ, 71 శాతం అమ్మోనియం లవణాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటిలో అసలు ఆమ్లం ఎంతో, దానికి తోడు వచ్చినది ఎంతో తేల్చమనవచ్చు.